చుక్కకి ఎవరింటి ముద్ద?

ఇటు రండర్రా, దుప్పట్లో దూరండి. ఒరే సత్తిబాబూ, చెల్లి మీద కాలెయ్యకు. ఊ కొడితేనే చెప్తాను, ఊ ఆగిందా కథా ఆగిపోతుంది. సరేనా?

అనగనగా ఒక ఊళ్ళో... ఏ ఊరని అడక్కండి, కొండకీ గెడ్డకీ నడుమ ఇరుక్కున్న ఊరు. గెడ్డంటే తెలుసుగా, కొండ మీంచి దిగొచ్చే వాగు. ఎండల్లో మేకపిల్ల కూడా దాటేస్తుంది. కొండ మీద వాన పడిందా, ఏనుగైనా ఒడ్డున ఆగాల్సిందే. ఆ ఊళ్ళో కొండవైపు వీధిలో ఆఖరిల్లు గవరమ్మది. మొగుడు పోయిన మనిషి. ఒక్కడే కొడుకు, సింహాచలం. వాడెలాంటివాడంటే, అమ్మ కూచోమంటే కూచుంటాడు, పెళ్ళాం లేవమంటే లేస్తాడు, ఇద్దరూ ఒక్కసారే చెప్తే గుమ్మంలో నిలబడిపోతాడు. నవ్వకండి, మంచోడే పాపం. వాడి పెళ్ళాం నూకాలు. చంకలో పాలు తాగే ఆడగుంట, అదే చంటిది.

ఆ ఇంట్లో ఇంకో ప్రాణం ఉంది. చుక్క అని ఒక నల్ల కుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుందని ఆ పేరు. ఎవరూ తెచ్చింది కాదు, పిల్లప్పుడే తనంతట తనే వచ్చి నూకాలు కాళ్ళకి చుట్టుకుంది. రాత్రయితే కొండ మీంచి అడవి పందులు దిగేవి. చుక్క గొంతెత్తిందా, పందులు తోక ముడిచి కొండెక్కేవి. వీధి వీధంతా హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేది.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాన లేక చేను ఎండె, చేను ఎండి గాదె ఎండె, గాదె ఎండి కుండ ఎండె, కుండ ఎండి కడుపు ఎండె. గవరమ్మ ఇంట్లో చోళ్ళు, అదే రాగులు, అడుగంటాయి. చోడి అంబలి మొదట్లో గరిటెకి అంటేది, తరవాత గరిటెలోంచి జారేది, ఆఖరికి అందులో మొహం చూసుకోవచ్చు. సరిగ్గా అప్పుడే చుక్క ఈనింది. పశువుల సాలలో గడ్డి మీద గుప్పెడు పిల్లలు, ఇంకా కళ్ళే తెరవలేదు. పిల్లలు లాగుతుంటే చుక్క డొక్కలు లోపలికి పోయాయి, ఎముకలు తేలాయి.

నూకాలు మనసు ఊరుకోలేదు. తన వాటా అంబలి సగం తాగి, సగం చెంగు చాటున పెట్టుకెళ్ళి చుక్కకి పోసేది. ఎవరికీ చెప్పలేదు. ఎవరి నోటి కూడూ తియ్యలేదు కదా, నాదేగా పోస్తున్నాననుకుంది. కానీ చూడండర్రా, పాలిచ్చే తల్లి కూడు తన ఒక్కదానిదేనా? రోజులు గడిచేకొద్దీ నూకాలుకి పాలు తగ్గాయి. చంటిది చప్పరించి చప్పరించి ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి, ఆ ఏడుపు కూడా సన్నబడిపోయింది.

ఆ సన్నటి ఏడుపు విని గవరమ్మ చేస్తున్న పని వదిలేసి లేచింది. ఎందుకో తెలుసా? ఎప్పుడో వెనకటి కరువులో ఆవిడ ఆడపిల్ల ఒకత్తి పాలు లేకే పోయింది. ఆ ఏడుపు ఎలా సన్నబడుతుందో ఆవిడ చెవులకి తెలుసు. కోడలి వెనకాలే సాలలోకి వెళ్ళి చూసింది. చుక్క ముందు అంబలి చిప్ప.

"ఏటే ఇది? నా మనవరాలి పాలు కుక్కకి పోస్తున్నావా?"

అత్త అన్నదాంట్లో అబద్ధం లేదు. అటు చుక్కా బతకాలి, ఇటు చంటిదీ బతకాలి. నూకాలు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

గవరమ్మ కొడుకుని పిలిచింది. ఈ కుక్కని గెడ్డ దాటించి సంత ఊళ్ళో వదిలేసి రా, అక్కడ మాంసం కొట్టు ఉంది, ఎముకలైనా దొరుకుతాయంది. దాని పిల్లల మాటేంటని నూకాలు అడిగితే, ముందు నీ పిల్ల సంగతి చూడమంది. సింహాచలం గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆఖరికి చుక్క మెడకి తాడు కట్టాడు. అది నాలుగడుగులు వేస్తుంది, వెనక్కి చూస్తుంది. నాలుగడుగులు వేస్తుంది, వెనక్కి చూస్తుంది. పాదాలు తడిసేపాటి నీళ్ళలో గెడ్డ దాటించి, మాంసం కొట్టు పక్కన కట్టేసి, తల తిప్పకుండా వచ్చేశాడు.

ఊ అనరేం? ఏడుస్తున్నావా సీతాలూ? ఉండు, ఇంకా అయిపోలేదు.

ఆ సాయంత్రం చూశారా, కొండ మీద మబ్బు పట్టింది. ఊళ్ళో నాలుగు చినుకులు, కొండ మీద కుండపోత. గెడ్డ పొంగింది. ఆ రాత్రి పందులు దిగాయి. మొరిగే గొంతు లేదు. వీధిలో వాళ్ళంతా బిందెలతో నీళ్ళు మోసి పెరళ్ళలో చిలగడదుంప పెంచుకున్నారు, ఆ కరువులో వాళ్ళ ఆశంతా దాని మీదే. తెల్లారేసరికి సగం పెరళ్ళు దున్నేసినట్టున్నాయి.

ఇంకేముంది, వీధంతా గవరమ్మ గుమ్మం మీద పడ్డారు. పక్కింటి ఎరకయ్యది అందరికంటే పెద్ద నోరు.

"ఏదీ మీ కుక్క? రాత్రి ఎందుకు మొరగలేదు?"

గవరమ్మ నోరు తెరిచేలోపు నూకాలు బయటికొచ్చింది. ఎప్పుడూ పెద్దల ముందు గొంతెత్తని పిల్ల. చంకలో చంటిది, చేతిలో పాలకి అరుస్తున్న కుక్కపిల్ల.

"మొరగలేదని అడగడానికి ఇంతమంది వచ్చారు బాబాయ్. తిన్నదా అని అడగడానికి ఒక్కరైనా వచ్చారా? అది మొరిగితే వీధంతా నిద్రపోయింది. దానికి కూడు పెట్టింది ఒక్క కుండ. ఆ కుండ అడుగంటింది. నా బిడ్డకి పాలెండిపోయాయి. అందుకే పంపేశాం. మా అత్తది తప్పు లేదు."

గవరమ్మ కోడలి వైపు అదోలా చూసింది.

అప్పుడు నూకాలే చెప్పింది. చుక్కని వెనక్కి తెచ్చుకుందాం, రోజుకొక ఇల్లు ఒక్క ముద్ద పెట్టండి, ఒక్క ముద్దతో ఎవరి గాదే కూలదు, నా ఒక్కదాని ముద్దతో మాత్రం నా ఇల్లు కూలుతోంది అంది. కొందరు తలూపారు. ఎరకయ్య మాత్రం, కుక్కకి వంతులేంటి, పొరుగూరివాళ్ళు నవ్వుతారన్నాడు. కొందరు అటు, కొందరు ఇటు, గోల గోల.

ఆ గోలలో గెడ్డ వైపు నించి ఒక ఊళ వినబడింది. సాలలో పిల్లలు ఒక్కసారిగా కుయ్‌మన్నాయి. "చుక్కే!" అని చంటిదాన్నీ కుక్కపిల్లనీ పక్కనున్నవాళ్ళకిచ్చి నూకాలు పరుగు. నూకాలు వెనక, సాలలోని లావుపాటి మోకుతాడు భుజానేసుకుని సింహాచలం, వాడి వెనక వీధంతా.

అవతలి ఒడ్డున చుక్క. మెడలో కొరికేసిన తాడు ముక్క వేలాడుతోంది. నడుమ ఎర్రటి నీళ్ళు, చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. "వద్దే, అక్కడే ఉండవే" అని నూకాలు అరిచింది. కుక్కకి ఆ గొంతే వినబడింది గానీ మాట వినబడలేదు. దూకేసింది.

తల తేలుతుంది, మునుగుతుంది. తేలుతుంది, మునుగుతుంది. ఒక మాను వచ్చి తగిలింది, ఇక తేలలేదు.

ఈసారి సింహాచలం ఎవరి మాటకీ ఆగలేదర్రా. నడుముకి మోకు కట్టుకుని ఒక కొస ఎరకయ్య చేతిలో పెట్టాడు, నీళ్ళలోకి దిగిపోయాడు. "ఒరే వద్దురా, నాకు నువ్వొక్కడివేరా!" అని గవరమ్మ గుండెలు బాదుకుంది. మోకు బిగిసింది. ఎరకయ్య కాళ్ళు బురదలో జారాయి. వెనకాల ఒకరు పట్టారు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఇందాక దెబ్బలాడుకున్నవాళ్ళంతా ఒకరి నడుం ఒకరు పట్టుకుని లాగారు. నీళ్ళలో మనిషి కనబడడు. లాగు, లాగు, లాగు! మోకు వచ్చింది, చెయ్యి వచ్చింది, తల వచ్చింది, ఆ చంకలో నల్లటి మూట వచ్చింది.

ఒడ్డున పడుకోబెడితే చుక్కలో కదలిక లేదు. నూకాలు దాని వెనక కాళ్ళు పట్టి ఎత్తింది, సింహాచలం డొక్కలు నొక్కాడు. నీళ్ళు కక్కింది. తుమ్మింది. వణుక్కుంటూ లేచి, ఇంటివైపు కుంటుకుంటూ నడక మొదలెట్టింది. పిల్లలున్నాయిగా మరి.

గవరమ్మ ముందు కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. తరవాత వాడి తల తుడిచింది. తరవాత అదే చెంగుతో కుక్కనీ తుడిచింది. ఎవరి వైపూ చూడకుండా, మొదటి వంతు మా ఇంటిదే, రేపు ఎవరిదో చెప్పండి అంది.

"మాది" అన్నాడు ఎరకయ్య. మోకు రాసి అరచేతులు పుండయ్యాయి పాపం, వాటి మీద ఊదుకుంటూ అన్నాడు.

ఇంటికెళ్ళాక గవరమ్మ కోడల్ని పీట మీద కూచోబెట్టి, గిన్నె నిండా అంబలి పోసి, చివరి చుక్కదాకా తాగేవరకూ ఎదురుగా కూచుంది. ఇంకెప్పుడూ దాచి పస్తుండకు, ఉన్నదేదో లేనిదేదో నాతో చెప్పమంది. నేనూ అడగకుండా అరిచాను లేవే అని కూడా అంది. కొన్నాళ్ళకి చంటిదానికి మళ్ళీ గట్టి ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు వింటే గవరమ్మకి నవ్వొచ్చేది. చుక్క పిల్లలు పెరిగాక ఇంటికొకటి చొప్పున, పెట్టగలిగినవాళ్ళకే ఇచ్చారు. ఆ వానకి చోడి చేను కూడా కాస్త తేరుకుంది. అందరూ కడుపునిండా కాకపోయినా కడుపు చల్లగా ఉన్నారు.

అంచేత ఏంటంటే, జాలి మంచిదేనర్రా, కానీ దాచిపెట్టిన జాలికి ఇంట్లో ఇంకెవరో పస్తుండాలి. నోరు తెరిచి చెప్తే పంచుకునేవాళ్ళు పుడతారు. నిద్రపోయారా? చాల్లే, కథ కంచి దారి పట్టింది, మీరు కలల దారి పట్టండి.