గుహ వాకిట్లో దుంగ మోత

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక సున్నపురాతి కొండ. పైకి చూస్తే ఉత్త బోడికొండే. లోపల మాత్రం చీమల పుట్టలాగా దారులే దారులు. నీళ్ళు వేల ఏళ్ళు తొలిచి తొలిచి అక్కడ గదులు కట్టాయి, సందులు తీశాయి, పైకప్పు నుంచి రాతి జడలు వేలాడదీశాయి.

ఏటా వానలు వెనకబట్టి, గుహలో నీళ్ళు ఇంకిపోయాక, ఆ కొండ కింద ఒక జాతర జరిగేది. గుహలంటే పిచ్చి ఉన్న జంతువులన్నీ ఏడు అడవుల నుంచి వచ్చేవి. మూడు పగళ్ళు గుహలో తిరగడం, మూడు రాత్రులు వాకిట్లో మకాం. ఏదుపంది, ఒంటి నిండా పెంకులుండే అలుగు లాంటివి రాత్రి తిరిగే జంతువులు కదా, పగలు ఎలా తిరుగుతాయని మీరు అడుగుతారు. నిజమే. కానీ జాతర మూడు రోజులూ అందరూ పగలే పని చెయ్యాలి, రాత్రి పడుకోవాలి. అది వాళ్ళ కట్టుబాటు.

ఆ గుహకి కావలి నాంచారమ్మ అవ్వ. ఆమె ఒక ముసలి ఏదుపంది. ముళ్ళు సగం తెల్లబడ్డాయి, సగం రాలిపోయాయి. గుహలోకి ఎవరు వెళ్ళినా ముందు అవ్వకి చెప్పి వెళ్ళాలి. అవ్వ ఒక గులకరాయి తీసి వాకిట్లో పెడుతుంది. వాళ్ళు బయటికి రాగానే ఆ రాయి తీసేస్తుంది. పొద్దుగూకేసరికి వాకిట్లో రాయి మిగిలిందంటే లోపల ఎవరో చిక్కుకున్నారన్నమాట.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. లోపల చిక్కుకున్నవాళ్ళు రాతి మీద రాయితో మూడు దెబ్బలు కొట్టాలి. రాయిలో నుంచి ఆ చప్పుడు వాకిలి దాకా వస్తుంది. అవ్వ రాతికి చెవి ఆనించి పడుకునేది అందుకే. విన్నాక ఆమె వరసగా దెబ్బలు వేసి జవాబు చెప్పాలి. జవాబు అందగానే లోపలివాళ్ళు కొట్టడం ఆపి, ఊపిరి దాచుకుని, కదలకుండా ఉండాలి. ఎందుకంటే సాయం బయల్దేరిందని అర్థం.

ఆ ఏడు జాతరకి గంగులు అనే ముంగిస ఒక బోలు దుంగ దొర్లించుకొచ్చాడు. రెండు పుల్లలతో వాయిస్తే కొండ దద్దరిల్లేది. మొదటి రాత్రి భోజనాలయ్యాయి. రేగుపళ్ళు, పుట్టతేనె, నానబెట్టిన ఇప్పపూలు. గంగులు దుంగ ముందు కూర్చున్నాడు. ఉడుము పోలన్న తోక ఊపుతూ చిందులు మొదలుపెట్టాడు. ఇక అందరూ లేచారు.

అవ్వకి కోపం రాలేదు. పిల్లలు ఏడాదికోసారి కలుస్తారు, ఆడుకోనీ అనుకుంది. తనూ వయసులో ముళ్ళు గలగలలాడిస్తూ ఆడినదే. కానీ చంద్రుడు నడినెత్తికి వచ్చినా మోత ఆగలేదు. అవ్వ మెల్లగా వెళ్ళి ఆపమని అడిగింది. గంగులు మర్యాదగా పుల్లలు కింద పెట్టి, ఇదొక్క పాటతో సరి అవ్వా అన్నాడు. ఒక్క పాట ఇంకో పాటని పెట్టింది. అది రెండు పిల్లల్ని పెట్టింది. తొలికోడి కూసేదాకా వాటి సంతానం పెరుగుతూనే ఉంది.

మర్నాడు అవ్వ కావలిరాతి మీద కూర్చుంది కానీ తల నిలవడంలేదు. పోలన్న లోపలికి వెళ్తానని వస్తే, వాళ్ళ నాయన పేరు పెట్టి పిలిచింది.

"మా నాయన పోయి నాలుగేళ్ళయిందవ్వా," అన్నాడు పోలన్న. "నన్ను కూడా అటే పంపిస్తున్నావా ఏంది?"

అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వుతూంటేనే వాళ్ళమ్మ గుర్తొచ్చింది. అవ్వ వాళ్ళమ్మ ముసలితనంలో తన బొరియకి తనే దారి మరిచిపోయింది. పక్కవాళ్ళ వాకిట్లో నిలబడి, ఇది ఎవరిల్లమ్మా అని అడిగేది. అది చూసిన నాటి నుంచి అవ్వ రోజూ లేవగానే గుహలోని ఏడు మలుపుల పేర్లూ వరసగా చెప్పుకునేది. అవి నోటికి వస్తే, ఇంకా తనకేమీ కాలేదని ధైర్యం. ఆ పొద్దున అయిదో మలుపు దగ్గర ఆగిపోయింది. ఎంత తడుముకున్నా రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండో రాత్రి అవ్వ జాతరపెద్ద మారెప్ప దగ్గరికి వెళ్ళింది. మారెప్ప ఎలుగుబంటి, మంచివాడు. అవ్వ చెప్పిందంతా తల పంకిస్తూ విన్నాడు. నేరుగా వెళ్ళి మందలించాడు కూడా. దుంగ ఆగింది. గుక్కెడు ఇప్పపూల రసం తాగిపొమ్మని వాళ్ళు అతన్ని కూర్చోబెట్టారు. కాసేపటికి దుంగ మళ్ళీ మొదలైంది. అవ్వ తొంగి చూస్తే అందరికన్నా ఎత్తున ఎగురుతున్నది మారెప్పే.

ఈసారి అవ్వ కాస్త గట్టిగానే అడిగింది. గంగులు నవ్వాడు. "నిద్ర పట్టకపోవడం ముసలితనమవ్వా. దానికి నా దుంగ ఏం చేస్తుంది?" అన్నాడు. మాటలో విషం లేదు. కానీ ఆ మాట అవ్వ మనసులో ముల్లై దిగింది. నిజమేనేమో, తప్పు నాలోనే ఉందేమో అనుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ రాత్రి కూడా కన్ను మూతపడలేదు.

మూడో రోజు సాయంత్రం అందరూ బయటికి వచ్చారు. అవ్వ ఒక్కొక్క రాయీ తీసేసింది. వాకిలి శుభ్రంగా ఉంది. ఎండ ఇంకా కొండ అంచున ఉండగానే సిద్ధయ్య అనే అలుగు వచ్చాడు. అతను పెద్దగా మాట్లాడడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. అతనికీ రెండు రాత్రులుగా నిద్ర లేదు. గుహలో ఇసుక గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, అక్కడికి పోయి పడుకుంటాను, పొద్దున్నే వస్తానని అవ్వకి చెప్పాడు.

"వెళ్ళిరా నాయనా," అంది అవ్వ. చెయ్యి చాచి ఒక రాయి తీసింది. దాన్ని వాకిట్లో పెట్టేలోపల ఆమె కళ్ళు మూసుకుపోయాయి. వేళ్ళు వదులయ్యాయి. రాయి జారి మళ్ళీ రాళ్ళ కుప్పలోనే కలిసింది.

ఆమె ఉలిక్కిపడి లేచేసరికి చీకటి పడింది. దుంగ మోగుతోంది. వాకిట్లో రాయి లేదు. ఎవరో వచ్చినట్టు, ఏదో అన్నట్టు లీలగా ఉంది. ఎవరు వచ్చారు? కలా? ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. అలవాటుగా రాతికి చెవి ఆనించి పడుకుంది.

టక్. టక్. టక్.

అవ్వ ముళ్ళు లేచి నిలబడ్డాయి. ఊపిరి బిగబట్టి విన్నది. దుంగ మోతలో మరేమీ వినపడలేదు. చాలాసేపటికి మళ్ళీ అలాంటిదే ఏదో లీలగా. అవునో కాదో తెలియదు. లేచి దుంగ దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం ఆపమంది.

"లోపల ఎవరున్నారవ్వా?" అన్నాడు గంగులు.

"తెలియదు."

"వాకిట్లో రాళ్ళెన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు."

"మరి?"

 తన పొట్ట కింద కూడా నేల అదిరినట్టయిందని పోలన్న నసిగాడు. అది మన దెబ్బే, కొండకి తగిలి తిరిగొస్తోందని గంగులు కొట్టిపారేశాడు. అవ్వ వెనక్కి తిరిగింది. నాలుగు అడుగులు వేసింది.

అయిదో అడుగు పడలేదు. లోపల ఎవరూ లేరని రాళ్ళంటున్నాయి, ఉన్నారని చెవి అంటోంది. ఈ రెంటిలో ఏది నిజమో చెప్పాల్సిన బుర్ర తనదే, దాని మీదే తనకి నమ్మకం లేదు. తన చెవి తప్పయితే, ముసలిదానికి మతి పోయిందని రేపు ఏడు అడవులూ నవ్వుతాయి. నవ్వితే నవ్వనీ. చెవి నిజమై, తాను నోరు మూసుకుని పడుకుంటే? లోపల ఒక ప్రాణం.

అవ్వ గిర్రున వెనక్కి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆటగాళ్ళ మధ్యలో నుంచి నడిచి, దుంగ ఎక్కి కూర్చుని, మిగిలిన ముళ్ళన్నీ నిక్కబొడిచింది. గంగులు పుల్లలు గాలిలోనే ఆగిపోయాయి. ఎక్కడ కొట్టినా చెయ్యి చిల్లు పడుతుంది.

"పది ఊపిర్లు," అంది అవ్వ. "పది ఊపిర్లు అందరూ నోరు మూసుకుని ఉండండి. ఏమీ వినపడలేదా, ఈ కావలి నాకొద్దు. రేపే దిగిపోతాను. మీరు తెల్లవార్లూ వాయించుకోండి."

 మారెప్ప చెయ్యెత్తాడు. అందరూ నిలబడిపోయారు. మూడు రాత్రుల్లో మొదటిసారి అడవి వినపడింది. ఆకు మీద మంచుబొట్టు పడడం వినపడింది. ఒకటి. రెండు. మూడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆరు. ఏడు. అవ్వ కళ్ళు మూసుకుంది. ఎనిమిది.

టక్.

టక్.

మూడోది రాలేదు. మూడో దెబ్బకి లోపల ఓపిక లేదు.

గంగులు పుల్లలు పారేశాడు. అందరూ ఒకరినొకరు చూసుకుని లెక్కపెట్టుకున్నారు. సిద్ధయ్య లేడు. ఆ పేరు వినగానే అవ్వకి అంతా గుర్తొచ్చింది, ఇసుక గదికి పొండని అరిచింది. గంగులు గుహలోకి ఉరికాడు. వెనక పోలన్న, ఆ వెనక మారెప్ప. అవ్వ మూడు రాళ్ళు తీసి, ఒక్కొక్కటీ వేలితో నొక్కి వాకిట్లో పెట్టింది. తర్వాత ఒక గుండ్రాయి తీసుకుని, వస్తున్నారు నాయనా, వస్తున్నారు అంటూ రాతి మీద వరసగా దెబ్బలు వెయ్యడం మొదలుపెట్టింది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆ చెయ్యి ఆగలేదు.

ఇసుక గది ముందున్న సందులో ఒక బండ జారి సిద్ధయ్య తోక మీద పడింది. పైనుంచి బురద కారి ముక్కు దాకా వచ్చింది. మారెప్ప బండ ఎత్తాడు. పోలన్న గోళ్ళతో బురద లాగేశాడు. గంగులు సందులోకి దూరి సిద్ధయ్యని పట్టుకుని ఈడ్చాడు. బయటికి తెచ్చి పడుకోబెట్టారు. నీళ్ళు తాగించాక కళ్ళు తెరిచాడు.

ఇంతసేపు ఎందుకు కొట్టలేదురా, ఇంకా గట్టిగా ఎందుకు కొట్టలేదురా అని గంగులు ఏడుపు గొంతుతో అడిగాడు.

"కొట్టాను," అన్నాడు సిద్ధయ్య. "నేను కొట్టిన ప్రతిసారీ బయట నుంచి జవాబు వచ్చింది. వరసగా దెబ్బలు. విన్నారు, వస్తున్నారు అనుకుని ఆపేసేవాణ్ణి. ఎంతకీ రాకపోతే మళ్ళీ కొట్టేవాణ్ణి. మళ్ళీ జవాబు."

 గంగులు తన చేతుల వంక చూసుకున్నాడు. రాత్రంతా జవాబు చెప్పింది ఆ చేతులే.

అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. సిద్ధయ్య తనకి చెప్పే వెళ్ళాడని, తానే రాయి పెట్టకుండా నిద్రపోయానని, లేచాక మర్చిపోయానని అందరి ముందూ చెప్పింది. చెప్పేటప్పుడు తల దించుకోలేదు.

"నిన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది నేను కదవ్వా," అన్నాడు గంగులు.

"అది నీ తప్పు, ఇది నా తప్పు," అంది అవ్వ. "ఎవరి తప్పు వాళ్ళ దగ్గరే ఉండనీ. ఇద్దరం మర్చిపోకుండా ఉంటే చాలు."

అక్కడికక్కడే కొత్త కట్టుబాటు పెట్టుకున్నారు. చంద్రుడు కొండ మీదికి వచ్చేదాకానే వాకిట్లో ఆటపాట. ఆ తర్వాత ఆడాలన్నవాళ్ళు వాగు దాటి, రెండు గుట్టల అవతలికి పోవాలి. కావలికి ఒక్కరు కాదు, ఇద్దరు కూర్చోవాలి. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ రాయి తామే పెట్టి వెళ్ళాలి. ఇంతేనా, ఇంత తేలికైనదానికా ఇన్ని రాత్రులు అవ్వకి నిద్ర లేకుండా చేశాం అని మారెప్ప సిగ్గుపడ్డాడు.

ఇంకా తెల్లవారడానికి జాము పొద్దుంది. గంగులు అవ్వని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆకుల పక్క మీద పడుకోబెట్టాడు. తాను వెళ్ళి రాతికి చెవి ఆనించి పడుకున్నాడు. అయిదో మలుపు పేరేంట్రా అని అవ్వ సగం నిద్రలో అడిగింది. "నీటిచుక్కల మలుపవ్వా," అన్నాడు గంగులు. ఆ మాట పూర్తిగా విన్నదో లేదో, అవ్వ గుర్రు పెట్టింది.

తెల్లారింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. అవ్వ మొహం మీదికి వచ్చింది. అవ్వ లేవలేదు, గుర్రు పెడుతూనే ఉంది. జాతర అయిపోయి అందరూ ఇళ్ళకి బయల్దేరే వేళయింది. ఏడు అడవుల జంతువులు మూటలు సర్దుకున్నాయి. ఒకరి తర్వాత ఒకరు అవ్వ పక్క దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం నిలబడి, ఎండుటాకు మీద కాలు పడకుండా వేలి కొసల మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. వెళ్ళొస్తానవ్వా అని ఒక్కరూ పైకి అనలేదు.

నీతి: పది మంది కలిసిన చోట సంతోషం తప్పు కాదు. కానీ మన సందడి పక్కవారి నిద్రని మింగితే, ఏదో ఒకనాడు ఆపదలో ఉన్నవారి మొరని కూడా మింగుతుంది.