బొల్లిపెట్ట మూయని కన్ను

ఊరి పొలిమేరలో ఒక రైతు దొడ్డి. దొడ్డిలో పశువుల కొట్టం, కొట్టం వెనక గడ్డివామి, ఈ రెంటి మధ్యా పొద్దస్తమానం తిరిగే కోళ్ళూ, వాటి కబుర్లూ. ఏ ఇంటి గింజల్లో పుచ్చులున్నాయో, ఏ పుంజు ఎవరిని చూసి మెడ నిక్కించిందో, అన్నీ అక్కడే తేలేవి. ఆ వేసవిలో మాత్రం అన్ని కోళ్ళ నోటా ఒకటే మాట. గడ్డివామిలో స్వామి వెలిశాడట!

స్వామి అంటే మరెవరో కాదు, ముంగిస. నిన్నమొన్నటిదాకా దాని నీడ కనబడితే కోళ్ళు గోడెక్కేవి. ఇప్పుడది మాంసం మానేశానని చాటింది, నిద్రానందస్వామి అని పేరు పెట్టుకుంది. కోడిని ఎదురుగా కూర్చోబెట్టి, తోకతో మట్టిలో ఒక గీత గీసి, ఆ గీతనే చూడమంటూ మెల్లమెల్లగా మాట్లాడేది. ఎంత గయ్యాళి కోడైనా కదలకుండా ఒరిగిపోయేది. ఆ నిద్రలో మనసుకు పట్టిన జబ్బంతా వదిలిపోతుందని, ఆత్మ కడిగిన గిన్నెలా అయిపోతుందని దాని ప్రచారం.

ఆ మాట వినగానే బొల్లిపెట్టకు ప్రాణం లేచొచ్చింది. తనకు జబ్బుందని దానికి తెలుసు. కళ్ళముందే గద్ద వచ్చి ఒక పిల్లను తన్నుకుపోయింది. అప్పటినుంచి దానికి సుఖమైన నిద్ర లేదు. పడుకున్నా ఒక కన్ను మూసేది, ఒకటి తెరిచే ఉంచేది. ఆకు కదిలితే అరిచేది. మిగిలిన పిల్లల్ని కొట్టంలో గంప దాటి రానిచ్చేది కాదు. ఎండ తగలక, పురుగూ పుట్రా దొరక్క పిల్లలు పీలగా తయారయ్యాయి. ఇలాగే సాగితే గద్దతో పని లేకుండానే పోతాయని బొల్లికి అర్థమవుతూనే ఉంది. అర్థమైనా కాళ్ళు కదలవు.

"వెళ్ళొచ్చెయ్ వదినా," అంది కాకిపెట్ట. నల్లగా నిగనిగలాడే పొరుగు కోడి అది. "నేను వెళ్ళేటప్పుడు ఒళ్ళు రాయిలా ఉంది. లేచేసరికి దూదిపింజ! పూర్వజన్మ భారం దిగిపోయిందన్నాడు స్వామి."

మేత వేసే గాడి దగ్గర నిలబడి నెమరేస్తున్న ముసలి ఎద్దు మైలగాడు చెవి ఇటు తిప్పాడు. ఏ మాటైనా నమిలి నమిలి గాని బయటికి వదలడు.

"ఆ రోజు గుడ్డెక్కడ పెట్టావమ్మా?"

"గుడ్డా?" కాకిపెట్ట ఆలోచనలో పడింది. "పొద్దున్నుంచీ వస్తున్నట్టే ఉంది. ఇంతలో స్వామి దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత... ఏమో మామా, గుర్తులేదు. నేను ఆత్మ సంగతి చెబుతుంటే నీకు గుడ్ల గొడవేమిటి?" అని తోక విదిలించుకుని వెళ్ళిపోయింది.

బొల్లి ఎద్దు దగ్గరికి జరిగింది. "మామా, నన్ను వెళ్ళొద్దంటావా?"

"నేనెందుకంటానమ్మా? నిద్రపుచ్చడం పాపమేం కాదు. కోడెదూడగా ఉన్నప్పుడు నాకు ముక్కుతాడు వేశారు. పెద్దాయన నా గంగడోలు నిమురుతూ ఏదో కూనిరాగం తీశాడు. కళ్ళు బరువెక్కాయి, నొప్పి సగం తెలియలేదు. నిజం చెప్పాలిగా."

"మరింకేం?"

"మా అమ్మను నా పక్కనే కట్టేశారు. నాకు మగతగా ఉన్నంతసేపూ అది చూస్తూనే ఉంది. నీ పక్కన ఎవరుంటారో కనుక్కుని వెళ్ళు."

కాకిపెట్ట కబురు మోసినట్టుంది, మర్నాడు ముంగిసే కొట్టం గుమ్మంలో ప్రత్యక్షమైంది. కళ్ళు అరమోడ్పుగా పెట్టి, "తల్లీ, నీ కష్టం విన్నాను. గడ్డివామి దగ్గరికి రా, భయం తీసేస్తాను," అంది.

"మైలమామను తోడు తెచ్చుకోనా స్వామీ?"

"అబ్బెబ్బే! ఇంకో ప్రాణి పక్కనుంటే శక్తి చెదిరిపోతుంది." ముంగిస గొంతు తగ్గించింది. "పిల్లల్ని మాత్రం తీసుకురా. తల్లి భయం పిల్లలకూ అంటుకుంటుంది. వాళ్ళకూ దించుతాను."

ఒక్క ఎద్దుకే చెదిరే శక్తి ఇంతమంది పిల్లలకు చెదరదా అనుకుంది బొల్లి. పైకి మాత్రం ఇంకోటి అడిగింది.

"మధ్యలో నేను ఆపమంటే ఆపుతారా?"

"నిద్రలో ఉన్నదానివి ఆపమని ఎలా అంటావు తల్లీ?" ముంగిస ముద్దుగా నవ్వింది. "నమ్మకం ఉండాలి. నయం కాలేదంటే వాళ్ళకు నమ్మకం లేదనే అర్థం."

బొల్లికి అనుమానం గట్టిపడింది. కానీ అలసట మాటేమిటి? ఒక్క పూట హాయిగా నిద్రపోయి, పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్ళగలిగితే చాలని దాని ఆశ. ఆ ఆశ వదల్లేక ఒక ఉపాయం ఆలోచించింది.

"గడ్డివామి దాకా రాలేను స్వామీ. ఆరుబయట అడుగెయ్యలేకే కదా ఈ బాధంతా! రేపు మధ్యాహ్నం మీరే ఇక్కడికి రండి. ఆ వేళకు మైలమామ మేత తిని నిలబడే నిద్రపోతాడు. పక్కన ఉరుమురిమినా లేవడు."

ముంగిస గంప వైపు చూసింది. గంప అంచు కింద రాయి పెట్టి ఉంది. ఆ సందులోంచి పిల్లలు తొంగిచూస్తున్నాయి. దాని నోట్లో నీళ్ళూరాయి. "భక్తుల కోసం ఆ మాత్రం శ్రమ పడకపోతే ఎలా?" అని ఒప్పుకుంది.

అది వెళ్ళాక బొల్లి సంగతంతా ఎద్దు చెవిన వేసింది. "నేను కేక పెడితే చూసుకో మామా. అందాకా నిద్ర నటించు."

"నటించడమెందుకమ్మా? నా మొహం ఎప్పుడూ అలాగే ఉంటుందిగా," అన్నాడు మైలగాడు.

మర్నాడు మధ్యాహ్నం ముంగిస వచ్చింది. బొల్లికి కుడిపక్క కూర్చుని మట్టిలో గీత గీసింది. ఎడమపక్కన ఎద్దు, ఎద్దు కాళ్ళకు అవతల గంప.

"గీత చూడు తల్లీ. కాళ్ళు బరువెక్కుతున్నాయి... రెక్కలు బరువెక్కుతున్నాయి... పూర్వజన్మలో నువ్వు మహారాణివి. ఏ భయమూ ఎరగవు."

మహారాణి మాటకు బొల్లికి నవ్వొచ్చింది కాని, మిగతాదంతా నిజంగానే జరుగుతోంది. కాళ్ళు చచ్చుబడినట్టయ్యాయి. ఒళ్ళంతా చల్లగా, హాయిగా ఉంది. ఎన్నాళ్ళయింది అలా ఉండి! కుడికన్ను దానంతటదే మూతపడింది. అది చూసి ముంగిస మాట ఆపేసింది.

బొల్లి ఎడమకన్ను మాత్రం మూతపడలేదు. గద్ద వచ్చి వెళ్ళిననాటినుంచీ పిల్లలున్న వైపు కన్ను మూయడం అది మరిచిపోయింది.

ఆ కంటికి అన్నీ కనిపిస్తున్నాయి. ముంగిస చుట్టూ తిరిగి వస్తోంది. ఎద్దు కాళ్ళ మధ్యనుంచి దూరింది. గంప అంచు కింద మూతి పెట్టింది. అరవాలని తెలుసు. కానీ ఆ హాయి గొంతు మీద కూర్చుంది. పోనీలే, కాసేపు ఇలాగే ఉందాం అని మనసు గొణిగింది.

గంపలో అన్నిటికంటే చిన్నపిల్ల కియ్యిమంది.

బొల్లి పెట్టిన కేకకు దొడ్డిలో కోళ్ళన్నీ ఎగిరిపడ్డాయి. మైలగాడు ఏమీ హడావిడి పడలేదు. కాలెత్తి ముంగిస తోక మీద పెట్టాడు, అంతే. ఒంట్లోని బరువంతా ఆ గిట్ట మీదే వేశాడు.

"మామా! మామా! శక్తి చెదిరిపోతోంది, వదులు!"

"ఉండు స్వామీ, కాళ్ళు బరువెక్కాయి," అన్నాడు మైలగాడు.

ముంగిస గింజుకుని గింజుకుని, సగం తోక అక్కడే వదిలేసి, కంచె దూకి పారిపోయింది. సాయంత్రం రైతు గడ్డి లాగుతుంటే వామిలోంచి కుప్పగా గుడ్ల పెంకులు రాలాయి. కోళ్ళన్నీ చుట్టూ మూగి ఎవరి గుడ్డు ఏదో పోల్చుకోలేక లబలబలాడాయి.

"పెంకుల సంగతి సరేలే," అంది కాకిపెట్ట మెల్లగా, "నిద్ర మాత్రం భలే పట్టిందే వదినా!"

బొల్లి నేరుగా కొట్టంలోకి వెళ్ళి ఎద్దు పక్కన చతికిలబడింది. "మామా, ఆ దొంగ పోయింది సరే. నా భయం అలాగే ఉంది. ఏం చెయ్యను?"

మైలగాడు చాలాసేపు నమిలాడు. "రేపు పొద్దున నన్ను పచ్చిక బీడులో కడతారు. పిల్లల్ని తీసుకురా. నా కడుపు కిందకు గద్ద రాదు. మధ్యాహ్నం నువ్వు పడుకో. నేను ఎలాగూ నెమరేస్తూ మెలకువగానే ఉంటాను."

మర్నాడు పిల్లలు చాలా రోజుల తర్వాత పచ్చగడ్డి తొక్కాయి. ఎద్దు నీడలో పురుగుల కోసం కొట్లాడుకున్నాయి. బొల్లి ముందు కుడికన్ను మూసింది. పిల్లల్ని చూసింది, తల పైకెత్తి ఎద్దును చూసింది. చాలాసేపటికి ఎడమకన్ను కూడా మూసింది.

నీతి: నిన్ను నిద్రపుచ్చుతానన్నవాడి దగ్గర కళ్ళు మూసేముందు, నీ తరఫున మెలకువగా ఉండేదెవరో చూసుకో.