మల్హరరావు పట్టిన దొంగ పతకాలు

మాణిక్యగిరి రాజా వీరభూపతిగారికి రాజ్యం పోయింది గానీ దర్బారు పోలేదు. ఏలడానికి ఊళ్లు లేవు కాబట్టి పతకాలు పోగేసుకునేవారు. అవీ మామూలువి కావు, పాకిస్తాన్ సిపాయిలవి. ఒక సిపాయి ఛాతీ మీద వరసగా కుట్టించుకున్న పతకాలన్నీ విడిపోకుండా దొరికితే ఆయనకు పండగే. కత్తి పట్టి ఎరగని మనిషికి పరాయి సైన్యం మీద అంత ప్రేమేమిటో దేవుడికే తెలియాలి.

ఆ పతకాల గదికి అధికారి సింగాచారి. ఊరుకోని నోరు. ఆ నోరే చివరికి అతని కొంప ముంచబోయింది.

దర్బారు పండితుడు మల్హరరావు బొంబాయి వెళ్లి అలాంటి పతకాల వరస ఒకటి తెచ్చాడు. బర్మా యుద్ధానికిచ్చిన నక్షత్రం, దాని పక్కన పాకిస్తాన్ ఏర్పడినప్పుడు ఇచ్చిన పతకం, ఆ పక్కన కాశ్మీరు పోరుది. అన్నీ ఒకే హవల్దారువట. తళతళా తోమించి, మఖమలు పెట్టెలో పెట్టి, ఆ హవల్దారు పడ్డ కష్టాలన్నీ దగ్గరుండి చూసినట్టు చెప్పాడు. రాజుగారు కళ్లు ఒత్తుకున్నారు. సింగాచారి మాత్రం, మూడూ మూడు సంతల్లో కొని కలిపి కుట్టిన సరుకులా ఉందే అనేశాడు.

రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది. రేపు దర్బారులో ఆ మాట రుజువు చెయ్యి, లేదా గది మల్హరరావుకు అప్పగించి కోట వదిలి పొమ్మన్నారు. కోట వదిలితే సింగాచారికి తలదాచుకోను వేరే చూరు లేదు. తాను ఎంత మొత్తుకున్నా రాజుగారు నమ్మరు. ఆయన నమ్మేది మల్హరరావునే. సరే, ఆ మహానుభావుడి నోటితోనే చెప్పిద్దాం అనుకున్నాడు.

మర్నాడు మాసిన గుడ్డమూట పట్టుకుని దర్బారుకు వచ్చాడు. రుజువు సంగతి తర్వాత ప్రభూ, ముందు ఈ వరస ఏమిటో పండితులవారు గుర్తుపట్టి చెబితే ధన్యుణ్ణి అన్నాడు వినయంగా. విప్పితే మసిబారిన పతకాలు మూడు.

మల్హరరావు భూతద్దం తీశాడు. తనది కాని సరుకంటే ఆయన చూపు మహా చురుకు. కాసేపటికే పెదవి విరిచాడు.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది ప్రభూ. నా వరస చూసి అవే మూడూ కుట్టించాడు. ఇవి ఒకే ఛాతీ మీద ఎన్నడూ వేలాడలేదు."

ఎలా తెలిసిందని రాజుగారు అడిగారు.

"సిపాయి నడుస్తుంటే పతకాలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఏళ్ల తరబడి వేసుకుంటే ఈ నక్షత్రం మొనలు పక్కదాని అంచుకు గాట్లు పెట్టాలి. ఈ అంచు చూడండి, ఎంత నున్నగా ఉందో."

సింగాచారి తల గోక్కుని, మరొక్కసారి చూడమని బతిమాలాడు. దాంతో మల్హరరావు మరీ పొంగిపోయాడు. ఇది అసలుదైతే మీసం తీయించుకుంటానన్నాడు. అనుమానం ఉంటే నేను తెచ్చిన అసలు వరస తెప్పించి పక్కన పెట్టండి, తేడా మీకే తెలుస్తుందని తనే సలహా కూడా ఇచ్చాడు.

పెట్టె వచ్చింది. మూత తీస్తే మఖమలు తప్ప ఏమీ లేదు. మల్హరరావు మసిబారిన పతకాల వంక చూశాడు, ఖాళీ పెట్టె వంక చూశాడు.

సింగాచారి చేతులు జోడించాడు.

"అవే ఇవి ప్రభూ. మా వంటింటి పొగకు వాటి మెరుపు పోయింది, పండితులవారికి చూపు వచ్చింది."

రాజుగారు ముందు బిక్కమొహం వేశారు. తర్వాత, లేని హవల్దారు కోసం తాను ఏడ్చిన ఏడుపు తలుచుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. ప్రభువులు నవ్వారు కదా అని దర్బారంతా నవ్వింది. ఆయన తన షేర్వానీ మీది బంగారు పతకం తీసి సింగాచారికి తగిలించి, గదీ నీదే, కోటలో చోటూ నీదే అన్నారు. మల్హరరావు కూడా చప్పట్లు కొట్టాడు. ఇంకేం చేస్తాడు పాపం.