పదివేల ఏడు ముత్యాలు

అనగనగా ఒక రాజు. ఆయనకు ఏడుగురు కొడుకులంటారు గానీ, అంతమందిని నడిపించే ఓపిక నాకు లేదు. ముగ్గురనుకోండి. మూడోవాడు జయకేతుడు. వాడికి కువలయ అనే రాకుమారితో పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి ముందే మండలకుడనే మాంత్రికుడు ఆ పిల్లను ఎత్తుకుపోయాడు. తనను చేసుకోనందని నెలకో జానెడు చొప్పున పాదాల నుంచి పైకి రాయిగా మారుస్తున్నాడు. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది.

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. చిలక మెడ మీద కత్తే విరిగింది. రెండోవాడు జామపళ్ళతో మచ్చిక చేద్దామని వెళ్ళాడు. చిలక తలెత్తి చూడలేదు. ఇద్దరూ కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చారు. అప్పటికి కువలయ మెడ దాకా రాయైపోయింది. ఇక జయకేతుడు బయల్దేరాడు.

ఒక ముసలి తాబేలు వాడిని వీపు మీద మోసింది.

"ఏడు సముద్రాలు ఎవరు పెట్టమన్నారు నాయనా? ఒకటి చాలదూ?" అని దారంతా సణిగింది.

అవతలి ఒడ్డున పెద్ద మైదానం. అందులో చిలక ముత్యాలు పేరుస్తోంది. దాని కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"చిలకమ్మా, ఏం చేస్తున్నావు?"

"పదివేల ఏడు ముత్యాలు నాయనా. సమానమైన వరసలుగా పేర్చాలి, ఒక్కటీ మిగలకూడదు. అన్నీ ఒకే వరసగా పెడితే చెల్లదు, వరసకొక్కటి పెట్టినా చెల్లదు. పేర్చేదాకా కన్ను మూయనని మాంత్రికుడు ఒట్టు వేయించుకున్నాడు. నేను మేలుకుని ఉన్నంతకాలం వాడికి చావు లేదు. రెండు వరసలతో మొదలుపెట్టాను. మూడొందల ఏళ్ళయింది. ఇప్పుడు నాలుగువేల ఆరువందల పన్నెండు వరసలు చూస్తున్నా."

జయకేతుడికి తల నిలిపే ఓపిక కూడా లేదు. అక్కడే పక్కకు ఒరిగిపోయాడు. పడుకుని చూస్తే వరసకు రెండేసి ముత్యాలు. అడ్డంగా చూస్తే రెండే రెండు పొడవాటి వరసలు!

"ఇది రెండు వరసలే కదా! అది ఎప్పుడో చూశానన్నావే?"

"మొదటిరోజే. ఒకటి మిగిలింది."

"నూరు వరసలకో?"

"ఏడు మిగిలాయి."

"నూటికి మించి వరసలు వేస్తే, వరసకు పడేవి నూటికి తక్కువే. పక్కనుంచి చూడు, అవన్నీ నువ్వు ముందే పేర్చినవే. వాటిలో ఏదైనా కుదిరిందా?"

"లేదు."

"ఇక కుదరదు చిలకమ్మా. నూరు దగ్గరే ఆగిపోవాల్సింది."

చిలక ముత్యాలను మరోసారి పక్కనుంచి చూసింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇన్నేళ్ళూ వృథాయేనా నాయనా?"

"వృథాయే. కానిపనికి ఒట్టేమిటి? పడుకో."

చిలక వాడి ఒళ్ళో కళ్ళు మూసింది. ఆ క్షణమే మాంత్రికుడు కూలిపోయాడు. కువలయకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. నిద్రపోతున్న చిలకను ఎత్తుకుని జయకేతుడు చేరేసరికి ఆమె మాంత్రికుడి గుమ్మంలో చతికిలబడి ఉంది.

"ఇంత ఆలస్యమా?" అంది.

"కాస్త జరుగు, నేనూ కూర్చుంటా," అన్నాడు.

పెళ్ళి జరిగింది, మేళతాళాలు మాత్రం లేవు. అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. అన్నేళ్ళూ ఆ కోటలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కథ ఇంతే. మీరూ చప్పుడు చేయకుండా లేవండి, చిలక ఇంకా నిద్రపోతోంది.