కడపటి పడవ ఒడ్డెక్కేదాకా

"ఓడలొచ్చేశాయ్! చినబాబు ఓడలొచ్చేశాయ్!"

ఆ కేక వలల వీధి దాటి కోట వంటశాలదాకా వచ్చేసరికి సూరాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎవరీ సూరాలమ్మ అంటారా? చెప్తాను, దగ్గరికి జరగండి. ఏడు సముద్రాల ఓడలూ వచ్చి ఆగే శంఖతీరమనే రేవుపట్నంలో ఒక రాజుండేవాడు పిల్లలూ. ఆయనకిద్దరు కొడుకులు, తల్లిలేని బిడ్డలు. వాళ్లకు గోరుముద్దలు పెట్టి పెంచింది ఈ సూరాలమ్మే. రాజు పోయాక ఎక్కడి ఎడారి నుంచో కరాళుడనే మాంత్రికుడొచ్చి పెద్దవాడు మణికేతుడి పక్కన చేరాడు. "నీ తమ్ముడికి నీ గద్దె మీద కన్నుంది" అని ఒకసారి కాదు, మూడుసార్లు చెవిలో ఊదాడు. అంతే, చిన్నవాడు జయకేతుణ్ణి ఒంటి పడవలో సముద్రంలోకి గెంటేశారు. రాజ్యం రెండు ముక్కలైంది. ఒక్క ఇంటివాళ్లే ఎదురెదురు నిలబడి నరుక్కున్నారు.

ఇప్పుడా జయకేతుడే ఓడలతో తిరిగొచ్చాడు. మొదటిరోజు మాంత్రికుడు గాలిని లేపాడు, కొన్ని ఓడలు మునిగాయి. రెండోరోజు కెరటాన్ని లేపాడు, ఇంకొన్ని మునిగాయి. మూడోరోజు రేవు నోటికి నిప్పుల గొలుసు కట్టాడు. ఎవరు గెలిచినా తన బిడ్డ ఒకడు పోతాడు. అదీ సూరాలమ్మ దిగులు.

అప్పుడు జయకేతుడు తెరచాపలు దించేసి, ఇల్లు చేరే పడవలు ఊదినట్టుగా మూడుసార్లు శంఖం ఊదించాడు.

శంఖతీరంలో ఒక కట్టడి ఉంది. ఆ శంఖం వినబడితే, ఊదిన పడవ ఒడ్డెక్కేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. మాంత్రికుడి ప్రాణం వాడి చిలకలో ఉందనీ, రాజు కంచంలో మొదటి ముద్ద దక్కకపోతే ఆ చిలక బతకదనీ, ఒకప్పుడు జయకేతుడు వలలోంచి విడిపించిన తాబేలు అతనికి చెప్పింది మరి!

సూరాలమ్మ రాజు మణికేతుడి ముందు ఖాళీ కంచం పెట్టింది.

"అన్నమేదీ?"

"పడవ ఒడ్డెక్కలేదు బాబూ."

"అది శత్రువు పడవ."

"ఈ రేవులోంచి వెళ్లిందే కదా. సాగనంపింది నువ్వే కదా."

"పడవకీ పొట్టకీ ఏమిటే ముసలీ?" అని నవ్వాడు మాంత్రికుడు.

సూరాలమ్మ వాడివైపు చూడనైనా చూడలేదు. "మీ నాన్న పడవ రాలేదని నువ్వూ తమ్ముడూ ఆకలితో నా ఒళ్లోనే నిద్రపోయారు. గుర్తుందా నాయనా?"

మణికేతుడు కంచం పక్కకు జరిపాడు.

"ముద్ద, ముద్ద" అంది చిలక. మాంత్రికుడు తానే అన్నం తెచ్చి ముక్కుకందించాడు. "రాజు ముట్టనిది నాకొద్దు" అంది. ఎవరైనా ఒకరు తింటే రాజూ తింటాడని వాడు ఇల్లిల్లూ తిరిగాడు. కుండలు నిండుగానే ఉన్నాయి, చేతులు మాత్రం ముడుచుకునే ఉన్నాయి. పొద్దువాలేసరికి చిలక రెక్కలు వాలిపోయాయి. దాంతో మాంత్రికుడు ఇసుకైపోయాడు, గొలుసు చల్లారింది.

మణికేతుడు నడుంలోతు నీళ్లలోకి దిగి, తమ్ముడి పడవ మోకు పట్టి లాగాడు. ఒక్క బాణం ఎగరకుండా రేవు చినబాబు వశమైంది.

"అన్నా, ఆకలేస్తోంది" అన్నాడు జయకేతుడు.

మణికేతుడు పడవను ఒడ్డెక్కించాడు. మోకు మాత్రం వదల్లేదు.

తర్వాత వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఇద్దరూ కలిసి చాలాకాలం ఏలారు. ఆ సాయంత్రం మాత్రం సూరాలమ్మ ఒడ్డు పొడవునా విస్తళ్లు వేయించింది. ఇక రాని పడవలవాళ్లకు సముద్రంవైపు ఒక వరుస వేసి, ముందు వాళ్లకే వడ్డించింది. అప్పుడు ఇటు తిరిగి, "కూర్చోండి నాయనా" అంది.

రెండు సేనలూ కలిసి కూర్చున్నాయి.