మూడో క్రేను కొక్కెం

పై అధికారుల ముందు నోరు విప్పాలంటేనే వణికిపోయే భుజంగం ఒక ఓడరేవులో, ప్రథమ చికిత్స గదిలో కాంపౌండరుగా పనిచేస్తుండేవాడు. చేతివాసి మంచిదని సరుకు దించే కళాసీలందరికీ అతనంటే గౌరవం.

ఒక ఉదయం అసిరయ్య అనే కళాసీ రక్తం కారుతున్న చేతిని తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. తాడు జారిపోకుండా మూడో క్రేను కొక్కేనికి ఉండాల్సిన బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. పైకి లేచిన బస్తాల కట్ట జారిపడి అతని రెండు వేళ్ళు నలిగిపోయాయి. భుజంగం కట్టు కడుతుండగానే సూపర్‌వైజరు శేషగిరి లోపలికి వచ్చాడు.

"ఇంటి దగ్గర తలుపు సందులో పడ్డాయని రిజిస్టర్లో రాయండి. వచ్చే నెల మనకి ప్రమాదాలు లేని రేవని పతకం ఇస్తున్నారు" అన్నాడు.

"మా ఇంటికి తలుపెక్కడిది బాబూ? గోనెపట్టా కట్టుకున్నాం" అన్నాడు అసిరయ్య, పళ్ళు బిగించి.

భుజంగానికి ఒళ్ళు మండింది. అయినా తల వంచుకుని, చెప్పినట్టే రాశాడు.

పది రోజులు తిరక్కుండానే నూకరాజు అనే మరో కళాసీని మోసుకొచ్చారు. అదే క్రేను, అదే కొక్కెం. ఈసారి నాలుగు వేళ్ళు తెగిపోయాయి. అతన్ని అంబులెన్సు ఎక్కించగానే భుజంగం మరమ్మతుల షెడ్డుకు పరుగెత్తాడు.

"ఆ కొక్కెం ఇంకా ఎందుకు మార్చలేదయ్యా?" అని మెకానిక్కు మీద అరిచాడు.

"కొత్తది కావాలని పైవాళ్ళని రెండుసార్లు అడిగానండీ. దానివల్ల ఎవరికి దెబ్బ తగిలిందో చూపించమన్నారు. మీ రిజిస్టరంతా తిరగేశాను. తలుపు సందులో వేళ్ళు పడ్డవాడు తప్ప ఒక్కడూ లేడు!"

భుజంగం తల వంచుకుని వెనుదిరిగాడు. గదికి తిరిగొచ్చేసరికి శేషగిరి కూర్చుని ఉన్నాడు.

"ఇతనికి కూడా ఏదో ఒకటి రాసేయండి."

"ఏదో ఒకటా? మనుషుల చేతులండీ అవి! వాటిని నుజ్జు చేసి మీరు పతకం తగిలించుకుంటారా?" భుజంగం గొంతు బయట ఉన్న కళాసీలందరికీ వినబడింది.

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది. అందుకే ఆ రోజు అబద్ధం రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

రిజిస్టర్లో పాత మాట కొట్టేసి, ఇద్దరికీ జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి తనిఖీ అధికారికి పంపాడు. ఆయన వచ్చిన రోజే కొక్కెం మారింది. శేషగిరి మీద విచారణ మొదలైంది. అబద్ధం రాసినందుకు భుజంగానికీ శిక్ష పడింది. అతను ఎదురు చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్ళి నూకరాజుతో జరిగిందంతా చెప్పుకున్నాడు.

"ఆ నిజం పది రోజుల ముందే రాసుంటే, ఈ చేత్తో అన్నం కలుపుకునేవాణ్ణి కదండీ" అన్నాడు నూకరాజు.

నీతి: ఒకరికి తగిలిన దెబ్బను దాచిపెట్టినవాడు, మరొకరికి తగిలే దెబ్బకు కారకుడవుతాడు.