సవతిగుట్ట పొయ్యమ్మ

అడవి దారిలో వాగు దాటగానే కనిపించే చిన్న గుట్ట సవతిగుట్ట. ఇక్కడ వెలసిన పొయ్యమ్మ తల్లి ఉలితో చెక్కిన విగ్రహం కాదు; అద్దంలా మెరిసే గట్టి బొగ్గురాయి. తాకినా చేతికి మసి అంటదు.

పూర్వం ఇక్కడ ఓదేలు అనే కమ్మరి, అతని భార్య లసుమవ్వ కాపురముండేవారు. కలిసి అడవికి పోయి కట్టె కాల్చి బొగ్గు చేసేవారు. అతడు సమ్మెట పడితే ఆమె కొలిమితిత్తి ఊదేది. ఒక ఏడు తొలకరికి వాగు ఒడ్డు విరిగి నల్లరాళ్ళు బయటపడ్డాయి. ఓదేలు వాటిని కొలిమిలో వేసి చూశాడు. ఎంతకీ అంటుకోలేదు. అంటుకున్నాక మాత్రం పొగ లేకుండా, చిన్న నీలిమంటతో చాలాసేపు ఆరకుండా కాలాయి.

ఇక ఓదేలుకు అడవితో పని లేకపోయింది. అన్నం ముందు కూర్చున్నా ఆ రాళ్ళ ముచ్చటే.

"దాని నిగారింపు చూసినవా?" అని మురిసిపోయేవాడు. తన ముఖం చూసి అతడు అలా మురిసి ఎన్నేళ్ళయిందో లసుమవ్వకు గుర్తురాలేదు.

"కట్టుకున్నదాన్ని నేనుండంగ ఇంటికి సవతిని తెచ్చినవ్" అన్నది. ఓదేలు నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె కడుపు రగిలిపోయింది. అతడు సంతకు పోయినప్పుడు రాళ్ళన్నీ గుట్టమీదికి మోసి మన్ను కప్పింది.

అంతలో వాగు పొంగి ఒడ్డును ఇసుకతో పూడ్చడంతో ఓదేలుకు మరో నల్లరాయి దొరకలేదు. అడవిలో కట్టె తడిసిపోయింది. విత్తే అదను దాటిపోతోందని రైతులు మొద్దుబారిన నాగటికర్రులతో వాకిట్లో నిలబడ్డారు. పచ్చికట్టె పొగకు ఓదేలు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. ఆ కన్నీళ్ళు కూడా దాని కోసమేనని లసుమవ్వకు తోచింది. రాళ్ళను పిండి చేద్దామని సమ్మెట తీసుకొని గుట్టెక్కి, అలసి కునుకు తీసింది. కలలో నల్లని తల్లి కనిపించింది.

"లసుమా, నాకూ నీ మీద ఈర్ష్యే. కింద నువ్వు కట్టెనిప్పు పెట్టనిదే నేను వెలగలేను. వాని పక్కన నీ చోటు నాకు ఏనాటికీ రాదు."

లసుమవ్వ మేలుకొని, "నువ్వూ కుళ్ళుకుంటున్నవా!" అని పకపకా నవ్వింది. చిన్న రాళ్ళను గంపకెత్తుకుంది. అన్నిటికన్నా పెద్దదానికి మొక్కి, "నువ్వు మాత్రం ఈడనే ఉండు" అన్నది. ఇంటి చూరులో మిగిలిన గుప్పెడు ఎండుకట్టెతో కొలిమి తానే అంటించింది. కర్రులు పదునెక్కి విత్తనం అదనులోనే పడింది. గుట్టమీద మిగిలిన ఆ పెద్దరాయే నేటి పొయ్యమ్మ తల్లి.

నేటికీ శ్రావణ మంగళవారాల్లో దంపతులు ఇక్కడ బొగ్గురాళ్ళ పొయ్యిమీద పాయసం వండుతారు. అలా వండి నివేదించిన వారి కాపురం పొగ లేని నిప్పులా చిరకాలం వెచ్చగా ఉంటుందని నమ్మకం. పెళ్ళయిన మగవారిని ఒంటరిగా గర్భగుడిలోకి రానివ్వరు. అమ్మవారు ఏమీ అనదట. లసుమవ్వే ఊరుకోదని పూజారమ్మ చెబుతుంది.